డోలీకి ముందు నడిచిన మనిషి

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఆడగొంతు, ఆ గొంతు వెనకాల సంత గోల.

"పెట్టెబాబేనా మాటాడతన్నారు? నాను గూడెం కొత్తవీధి కాణ్ణించి."

నన్ను పెట్టెబాబు అనేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్క ఊళ్ళోనే ఉన్నారు. గొంతు గుర్తుపట్టే లోపలే ఆమె విషయం చెప్పేసింది.

"మా అయ్య పోనాడు బాబూ. జొరమేటీ నేదు. తొంగున్నోడు తొంగున్నట్టే ఎలిపోనాడు."

ఎప్పుడని అడిగాను, ఎక్కడని అడిగాను. అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చింది. అన్నీ చెప్పాక, "ఒక్క మాట అడుగుతాను, నిజం సెప్పండి. ఆ పెట్టి నిజంగా సెడిపోనాదేనా?" అంది.

నేను జవాబు చెప్పాను. ఏం చెప్పానో చివర్లో రాస్తాను. ముందు ఆ పెద్దాయన గురించి చెప్పకపోతే ఆ జవాబు ఎవరికీ అర్థం కాదు.

ఆయన పేరు నాకు తెలియదు. సిగ్గుపడాల్సిన విషయమే అయినా, ఆ ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. అందరికీ ఆయన "ముందుమోత". రోడ్డు లేని ఆ కొండల్లో ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి పురుడొచ్చినా డోలీ కట్టాల్సిందే. పొడుగాటి కర్రకు దుప్పటో నులక మంచమో వేలాడదీసి, మనిషిని అందులో పడుకోబెట్టి, కర్ర రెండు కొసలూ భుజాల మీద పెట్టుకుని నడుస్తారు. ముందు కొస ఎప్పుడూ ఆయనదే. ఏళ్ళ తరబడి మోసి మోసి కుడిభుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. ఖాళీ భుజంతో సంతకి వెళ్తున్నా ఎడమపక్కకి ఒరిగే నడిచేవాడు.

డోలీ ఎత్తేముందు పడుకున్న మనిషి పాదం పట్టుకుని, "ఎలాగుంది?" అని అడిగేవాడు. స్పృహ లేనివాళ్ళనీ అడిగేవాడు. జవాబు కోసం ఆగేవాడు కూడా. ఇక నడక మొదలైందంటే నోరు మూసేవాడు కాదు. "ఇదిగో, గెడ్డ దాటతన్నాం. నీల్లు సల్లగా ఉంటాయి, బయపడకు." "ఇక్కడ రాయి జారుతాది, నాను సూసుకుంతాను." "ఇంక ఒక్క మలుపే." ఆ చివరి మలుపు ఎప్పటికీ వచ్చేది కాదనుకోండి. రోగి కళ్ళకి ఆకాశమూ కొమ్మలూ తప్ప ఏమీ కనబడవు కాబట్టి, ఎక్కడున్నారో చెబుతూ ఉండాలని ఆయన లెక్క.

చుట్ట అడ్డపొగ తాగేవాడు, నిప్పు నోట్లో పెట్టుకుని. మా విశాఖపట్నంలో ముసలమ్మలు తాగడం చూశానుగానీ మగాడు తాగడం ఆయన్నే చూశాను. నవ్వితే కోపం తెచ్చుకోలేదు. "నిప్పు బయిటుంటే గాలికి రవ్వలెగిరి ఎనకున్నోల మీద పడతాయి కదా," అన్నాడు. తర్వాత నవ్వలేదు నేను.

వెనక్కి మాత్రం తిరిగి చూసేవాడు కాదు. ముందున్నవాడు తల తిప్పితే వెనకున్నవాడి అడుగు తడబడుతుందట. డోలీలో మూలుగు ఆగిపోయినా తిరిగేవాడు కాదు. మాట్లాడుతూనే ఉండేవాడు.

ఇక నా సంగతి. విశాఖపట్నంలో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర పని చేస్తాను. విదేశాల నుంచి ఆసుపత్రులకీ కాలేజీలకీ వచ్చే ఖరీదైన యంత్రాలను కస్టమ్స్ వాళ్ళ చేతుల్లోంచి విడిపించి, వెళ్ళాల్సిన చోటికి చేర్చడం నా పని. ఆ యంత్రాలకు జరిగే మర్యాదలు చూస్తే మనిషిగా పుట్టినందుకు ఏడుపొస్తుంది. చెమ్మ తగలకుండా లోపల గుళికల సంచులు, కుదుపు తగలకుండా చుట్టూ మెత్తలు, ఆ పైన పురుగు పట్టకుండా వేడి చేసిన చెక్కపెట్టె. అన్నిటికన్నా పైన ఒక చిన్న బిళ్ళ అంటిస్తారు. దాని మధ్యలో తెల్లటి చుక్క. పెట్టెను ఒక హద్దు దాటి వాల్చారో, చుక్క ఎర్రబడుతుంది. ఒకసారి ఎర్రబడితే మళ్ళీ తెల్లబడదు. దారిలో ఎవరు తప్పు చేశారో చెప్పదు, యంత్రం పాడైందో లేదో కూడా చెప్పదు. వాల్చారు అని మాత్రం చెబుతుంది. కంపెనీకి అది చాలు, బీమావాళ్ళకి అది చాలు.

తొంభైల చివర్లో గూడెం కొత్తవీధి అవతల ఒక చిన్న ఆసుపత్రికి జర్మనీ నుంచి అలాంటి పెట్టె ఒకటి వచ్చింది. ఆ ఆసుపత్రి నడిపేది ఒక మలయాళీ సిస్టరమ్మ. జర్మనీలో ఎవరో దాతలు పంపారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టె. విమానంలో చెన్నై వచ్చింది, లారీలో మా ఊరొచ్చింది, నా చేతుల మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కింది. అన్ని మలుపులు తిరిగినా చుక్క మల్లెపువ్వులా తెల్లగానే ఉంది. తీరా ఆసుపత్రి దగ్గర పడేసరికి, వానలకు కొండచరియ జారి ఉన్న ఒక్క రోడ్డూ లేకుండా పోయింది.

అక్కడే ఆయన్ని మొదటిసారి చూడడం. ఏడెనిమిది మంది మనుషుల్ని వెంటేసుకుని, కర్రలూ తాళ్ళూ పట్టుకుని మా జీపు కోసం నిలబడి ఉన్నాడు. సిస్టరమ్మ పంపిందట. నేను దిగీ దిగకముందే పెట్టె దగ్గరికెళ్ళి చెక్క మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇదేనా బాబూ? ఇందలోనే గుంటల్ని పెడతారా?"

"ఇందులోనే," అన్నాను. గుంటలంటే వాళ్ళ యాసలో పిల్లలు.

"బేగి పనిసేత్తాదా? ఇయ్యాలే?"

రెండు రోజుల్లో ఇంజనీరు వచ్చి బిగిస్తాడని చెప్పాను. ఆ ఆత్రం ఎందుకో అప్పుడు తెలిసింది. ఆయన కూతురు కడుపుతో ఉంది. అంతకుముందు రెండు కాన్పులూ నెలలు నిండకుండానే జరిగాయి. ఒక బిడ్డ ఇంట్లో పొయ్యి పక్కనే పోయింది. రెండో బిడ్డను పాడేరు తీసుకెళ్తుంటే డోలీలో తల్లి పక్కనే పోయింది. ఆ డోలీ ముందుకొస పట్టింది ఈయనే. ఆ సంగతి ఆయన చెప్పలేదు, కర్రలు కడుతున్న ఇంకొకాయన నా చెవిలో చెప్పాడు.

తెల్లచుక్క చూపించి, ఇది ఎర్రబడితే కంపెనీవాళ్ళు ఒప్పుకోరని, పెట్టె ఎక్కడా పడెయ్యకూడదని చెప్పాను. పెట్టె మీద బాణం గుర్తులున్నాయి, ఇలా నిలువుగానే ఉండాలని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. బొడ్లోంచి చుట్ట తీసి, వెలిగించకుండానే మళ్ళీ దోపుకున్నాడు. పెట్టె అడుగున, పాదం ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి, "ఎలాగుంది?" అని అడిగాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.

నిలువుగానే కట్టారు, నిలువుగానే ఎత్తారు. నేను జీపులో మిగిలిన చిన్న పెట్టెలు దింపించి వాళ్ళ వెనకాల బయలుదేరేసరికి వాళ్ళు గెడ్డ దాటిపోయారు. ఆయన గొంతు మాత్రం కొండ మీంచి వినిపిస్తూనే ఉంది. "ఇంక ఒక్క మలుపే."

నేను ఆసుపత్రి చేరేసరికి పెట్టె వరండాలో ఉంది. కింద అడ్డాకులు పరిచారు. పైన ఆయన తలగుడ్డ కప్పి ఉంది. పెట్టెను పక్కకి, పొడుగ్గా పడుకోబెట్టారు.

మోసినవాళ్ళంతా ఎక్కడికి పోయారో, ఆయనొక్కడే పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. తలగుడ్డ పక్కకి తీసి చూపించాడు. చుక్క రక్తం రంగులో ఉంది.

"పడెయ్యనేదు బాబూ," అన్నాడు. "నా గుంట మీద ఒట్టు, ఎక్కడా పడెయ్యనేదు."

"మరి పడుకోబెట్టారేం?"

"ఏటవాలు కాడ నిలబెడితే ఊగిపోతన్నాది. లోపలేటో ఒణుకుతున్నట్టు నా బుజానికి తెలస్తన్నాది. అంత దూరం నుంచొచ్చింది, అలిసిపోదా? ఒంట్లో బాగోనోల్లని నిలబెట్టి మోత్తామేటి బాబూ?"

లోయల్లోకి జారిపోయే దారిలో, మోసే బరువును కాపాడడానికి ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆ పద్ధతితో ఎంతోమందిని బతికించాడు. మహారాజులా సముద్రాలు దాటొచ్చిన యంత్రానికి, మంచానపడ్డ మనిషికి చేసే సేవ చేస్తే పడలేదు.

పెట్టెను నిలబెట్టాం. కిందకి దిగి, టెలిఫోను దొరికిన చోట కంపెనీకి ఫోన్ చేశాను. తెరవొద్దు, కరెంటు ఇవ్వొద్దు, బీమా తరఫున మనిషి వచ్చి చూస్తాడు అన్నారు. అంతవరకూ ఇంజనీరు రాడు. మా పనిలో ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. విసుక్కోవడం తప్ప ఎప్పుడూ భయపడలేదు. ఆ రోజు భయపడ్డాను.

వానలు తెరిపివ్వలేదు, బీమా మనిషి రాలేదు. ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అన్న కబురు మోసుకుని నేను మళ్ళీ ఆ కొండ ఎక్కిన రోజునే, పొద్దున్నే, ఆయన కూతురు ప్రసవించింది. మగబిడ్డ. ఈసారీ తొందరపడే వచ్చాడు. నా అరచేతికి కాస్త ఎక్కువుంటాడేమో.

వరండాలో పెట్టె నేను వదిలి వెళ్ళినట్టే ఉంది. సిస్టరమ్మ ఇనప గడ్డపార పట్టుకుని దాని ముందు నిలబడి ఉంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. "ఏమైనా కానీ, తెరిచేస్తాను," అంది. ఆయన ఆవిడకీ పెట్టెకీ మధ్య నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, సెడిపోతే ఏటవుద్ది? సెప్పండి."

"వేడి ఎక్కువైపోవచ్చు. తక్కువైనా కావచ్చు. నాకు తెలియదు."

"ఎక్కువయితే?"

ఆవిడ లోపలి గది వైపు చూసింది. ఆయన నా వైపు తిరిగాడు. "మీరు సెప్పండి బాబూ. ఎర్రబడితే సెడిపోనట్టేనా?"

"చెడిపోయి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. విప్పి చూస్తేగానీ ఎవరికీ తెలియదు," అన్నాను. అది నిజం. అంతకు మించిన నిజం నా దగ్గర లేదు.

లోపల్నుంచి కూతురి గొంతు వినిపించింది, నీరసంగా. "అందలో పెట్టీండి అయ్యా. పెట్టీండి."

ఆయన తలుపు వైపు తిరగలేదు. "నా సేతిలో సెడిపోనాది," అన్నాడు. "సెడిపోనదాన్లో గుంటణ్ణి పెట్టి కాల్సనివ్వను."

సిస్టరమ్మ గడ్డపార కింద పెట్టేసింది. తర్వాత ఆవిడే బిడ్డను దూదిలో చుట్టి తెచ్చింది. ఆయన చొక్కా విప్పి, బిడ్డను ఒంటికి ఆనించుకుని, పైన దుప్పటి చుట్టించుకున్నాడు. ఒంటి వేడి తగలాలని సిస్టరమ్మే చెప్పింది. తల్లికి రక్తం ఆగక ఆవిడ మళ్ళీ లోపలికి పరుగెత్తింది. ఈయన వరండాలో ఆ కొసకీ ఈ కొసకీ నడవడం మొదలుపెట్టాడు. ఎడమపక్కకి ఒరిగిన అదే నడక. బయట వాన కురుస్తూనే ఉంది.

"ఇదిగో, గెడ్డ దాటతన్నాం. నీల్లు సల్లగా ఉంటాయి, బయపడకు." పెట్టె దగ్గరికొచ్చి వెనక్కి మళ్ళేవాడు. "ఇక్కడ రాయి జారుతాది, నాను సూసుకుంతాను."

నేను గోడవారగా కూర్చుని ఉండిపోయాను. మధ్యాహ్నం దాటింది. ఆయన ఒక్కసారీ తల వంచి దుప్పట్లోకి చూడలేదు. పొద్దు వాలుతుండగా సిస్టరమ్మ వచ్చి, దుప్పట్లో చెయ్యి పెట్టి చూసి, మెల్లగా చెయ్యి బయటికి తీసేసింది. ఆయన నడక ఆపాడు.

"దిగిపోనాం," అన్నాడు. "దిగిపోనాం నాయనా."

ఆ మాట ఆయన నోట అంతకుముందు వినలేదు. ఊరు చేరి డోలీ దింపాక అనే మాటట అది.

వానలు తగ్గాక బీమా మనిషి తీరిగ్గా వచ్చాడు. ఎర్రచుక్కకి ఫొటో తీసుకున్నాడు, నాలుగు వైపులా తిరిగి చూశాడు, వచ్చిన చోటికే తిప్పి పంపమన్నాడు. కొత్త బిళ్ళ ఒకటి అంటించి మరీ వెళ్ళాడు. దింపడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఈయనే వచ్చాడు. ఈసారి పెట్టెను నిలువుగానే కట్టించి, ఊగకుండా నలుగురి చేత నాలుగు వైపులా పట్టించి, అడుగు తీసి అడుగు వేస్తూ దింపాడు. వచ్చేటప్పుడు ఒక్క పూటలో నడిచిన దారి దిగేసరికి రోజంతా పట్టింది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. జీపులోకి ఎక్కించాక నన్ను పిలిచి బిళ్ళ చూపించాడు.

"సూడండి బాబూ. తెల్లగానే ఉంది."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. జీపు చాటుకి వెళ్ళి ఏడ్చాను.

ఆ తర్వాత కాఫీ గింజలు వేరుచేసే యంత్రమని, ఇంకోటని, ఆ పక్కకి పనులు తగులుతూనే వచ్చాయి. వెళ్ళినప్పుడల్లా సంతలో ఆయన కనబడేవాడు. కనబడగానే నా మోచెయ్యి పట్టుకుని అడిగేవాడు. "ఎలాగుంది?"

పెట్టె గురించి. డోలీలో పడుకున్న మనిషిని అడిగినట్టే అడిగి, జవాబు కోసం ఆగేవాడు. నాకు తెలియదు, కబురు లేదు అనేవాణ్ణి. "అంత దూరం ఎల్లాలి కదా," అని తనే సర్దిచెప్పేవాడు నాకు.

కొన్నేళ్ళకి, ఇంకేదో సరుకు గురించి మా ముంబయి ఆఫీసు మనిషితో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆ పెట్టె ప్రస్తావన వచ్చింది. దానికేం కాలేదండీ, విప్పి చూస్తే నిక్షేపంలా ఉందట, ఎప్పుడో వేరే దేశం ఆసుపత్రికి ఇచ్చేశారు, చక్కగా పని చేస్తోందట అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి ఆఫీసు బయటికొచ్చి, టీ కొట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఆయనకి చెప్పకూడదనే అనుకున్నాను. కానీ తర్వాతి సంతలో మోచెయ్యి పట్టుకుని, "ఎలాగుంది?" అని అడిగితే, ఆ మొహం చూసి అబద్ధం ఆడలేకపోయాను.

"బాగానే ఉంది పెద్దాయనా. దానికేమీ కాలేదు. ఎక్కడో పిల్లల్ని బతికిస్తోందట."

మొహం ఎంత వెలిగిందో! "బతికిపోనాదా!" అన్నాడు. "నాను అనుకుంతానే ఉన్నాను. గట్టిది, బతికిపోతాదని." చుట్ట తీశాడు. వెలిగించి, నిప్పు లోపలికి తిప్పబోయి ఆగిపోయాడు. చుట్ట అలా వేళ్ళ మధ్యే కాలుతూ ఉంది.

"అయితే ఆ రోజు కూడా బాగానే ఉన్నాదా బాబూ?"

నేను తల దించుకున్నాను.

ఆయన పక్కనే ఉన్న ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డాడు. చుట్టూ జనం పోతున్నారు, వస్తున్నారు. బేరాలాడుతున్నారు. చుట్ట వేళ్ళ దాకా కాలినా ఆయనకి తెలియలేదు. నేనే తీసి పారేశాను. చాలాసేపటికి తలెత్తి, చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"మా గుంటకి సెప్పకండి. 'పెట్టీండి' అని మొత్తుకున్నాది అది. సెడిపోనాదనే అనుకోనివ్వండి. నా సేతిలో సెడిపోనాదనే అనుకోనివ్వండి."

సరేనన్నాను.

ఆ తర్వాత ఆయన డోలీ కర్ర ముట్టుకోలేదని సిస్టరమ్మ చెప్పింది. ఎవరొచ్చి బతిమాలినా, "నా బుజం అబద్దం సెప్తాది," అనేవాడట. నేను ఒకట్రెండుసార్లు సంతలో చూశాను. పలకరించాడు, బాగున్నారా అన్నాడు. "ఎలాగుంది?" అని మాత్రం మళ్ళీ అడగలేదు, నన్నేకాదు, ఎవర్నీ. మనిషి ఉన్నాడుగానీ, ఆయన అప్పుడే అయిపోయాడు. మొన్న పోయింది మిగిలిందేదో.

ఇదీ సంగతి. మొన్న ఫోన్‌లో కూతురు అడిగింది. ఆ పెట్టి నిజంగా సెడిపోనాదేనా, నిజం సెప్పండి అని.

"చెడిపోయిందమ్మా," అన్నాను. "వెంటనే చూశారు, చెడిపోయిందన్నారు. అందులో పెట్టి ఉంటే కాలిపోయేవాడు."

అవతల సంత గోల ఒక్కటే వినబడుతోంది. కోళ్ళ అరుపులు, ఎవరో ఎవరినో కేకేయడం.

"మా అయ్యా అంతే బాబూ," అంది చివరికి. "సెడిపోనాది, కాలిపోయీవోడు అని నాను అడిగీలోపలే సెప్పీసీవోడు."

నమ్మిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు. మాట మార్చడానికి, "నాన్నని శ్మశానానికి ఎలా తీసుకెళ్ళారమ్మా?" అని అడిగాను.

"డోలీలోనే. మా ఊరికి ఇప్పుడుకీ రోడ్డు నేదు కదా," అంది. "పడుకోబెట్టే మోసేరు. ముందుకొస నానే పట్టేను. మా ఊర్ల ఆడోల్లు పట్టరు, నాను పట్టేను. ఎక్కడెక్కడున్నామో సెప్పుకుంటా తీసుకెల్లేను."